‘నీరు అంతగా అక్కరలేదు’ అన్న చీటీతో కొన్న చెట్లు, మొక్కలు: ఏడేళ్ల తర్వాత సమీక్ష

మా పెరటి కోసం ఏడేళ్ల క్రితం ఒకే నర్సరీలో 16 మొక్కలు కొన్నాను. వాటిలో నాలుగు పూల కోసం పెంచే చెట్లు: దేవగన్నేరు, క్రేప్ మర్టిల్, రేల, ఎర్ర తురాయి. మిగిలిన పన్నెండింటిలో కాగితపు పూల తీగలు రెండు, గన్నేరు మొక్కలు రెండు, ఎడారి గులాబీలు రెండు, లావెండర్ రెండు, బిళ్ళగన్నేరు మూడు, అగేవ్ అని కూడా పిలిచే కిత్తనార ఒకటి ఉన్నాయి. ప్రతి మొక్కకూ కట్టిన చీటీ మీద పేరు కింద ఒకే మాట రాసి ఉంది: ‘నీరు అంతగా అక్కరలేదు’. ఏడాది తిరిగేసరికి ఐదు మొక్కలు చనిపోయాయి. రెండు నీరు చాలక ఎండిపోగా, మూడు నీరు ఎక్కువై కుళ్ళిపోయాయి. ఒకే మాట చెప్పి అమ్మిన మొక్కలు రెండు విరుద్ధమైన కారణాలతో చనిపోయాయి కనుక, ముందుగా ఆ మాటనే పరీక్షించవలసి వచ్చింది. ఇలాంటి చీటీ చాలా నర్సరీల్లో కనిపించేదే కాబట్టి నేను కొన్న చోటు పేరు ఇక్కడ అనవసరం.

చీటీలోని మాట అబద్ధం కాదు. సగం మాత్రమే నిజం. ఎండను, నీటి ఎద్దడిని తట్టుకునే శక్తి మొక్కకు వేరు నేలలోకి దిగిన తర్వాతనే పూర్తిగా వస్తుంది. నర్సరీలో ఆ మొక్క రోజూ నీరు తాగుతూ పెరిగినది. దాని వేళ్లన్నీ జానెడు సంచిలోని మట్టిలోనే ఉన్నవి. దానిని తెచ్చి గుంటలో నాటినంత మాత్రాన చుట్టూ ఉన్న నేలలోని తేమ దానికి అందదు. కొత్త వేళ్లు ఆ సంచి మట్టిని దాటి పక్క నేలలోకి చేరేంత వరకు, ఎంతటి ఎడారి మొక్కకైనా తోటమాలి పోసే నీరే ఆధారం. పొదలకు ఈ దశ సుమారు ఒక ఏడాది పడుతుంది. చెట్లకు రెండేళ్లు, కొనేటప్పుడే కాండం లావుగా ఉంటే ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. నేను చీటీని నమ్మి మొదటి వేసవిలోనే వారాల తరబడి నీరు ఆపాను. రేల మొక్క, ఒక కాగితపు పూల తీగ ఆ తప్పుకు బలైపోయాయి.

తక్కువ నీటితో తోట పెంచే పద్ధతికి ‘జెరిస్కేప్’ అన్న పేరును 1981లో అమెరికాలోని డెన్వర్ నగర నీటి సంస్థ పెట్టింది. గ్రీకు భాషలో ‘జెరోస్’ అంటే పొడి అని అర్థం. ఆ పద్ధతికి చెప్పుకొనే ఏడు సూత్రాలలో తగిన మొక్కల ఎంపిక ఒకటి మాత్రమే. ముందుగా పథకం వేసుకోవడం, నేలను బాగుచేయడం, పచ్చిక విస్తీర్ణం తగ్గించడం, నీటిని వృథా కాకుండా పెట్టడం, నేలను కప్పి ఉంచడం, తర్వాతి సంరక్షణ అనేవి మిగిలిన ఆరు. నర్సరీ చీటీ మనకు ఆ ఏడింటిలో ఒకదాన్ని అమ్ముతూ మిగిలిన ఆరింటి ఫలితాన్ని కూడా వాగ్దానం చేస్తుంది. నా అసలు ఫిర్యాదు ఇదే.

చెట్ల విషయంలో చీటీ ఇంకొక ముఖ్యమైన సంగతిని దాచింది. నాలుగింటిలో దేని మీదా, పూర్తిగా ఎదిగాక అది ఎంత వెడల్పు విస్తరిస్తుందో రాయలేదు. ఎర్ర తురాయి మడగాస్కర్ దీవికి చెందిన చెట్టు. ఎదిగిన తర్వాత దాని గొడుగు 10 మీటర్లకు మించి పరచుకుంటుంది, వేళ్లు నేల పైపొరల్లోనే దూరం పోతాయి, కొమ్మలు పెళుసుగా ఉండి గాలివానకు విరుగుతాయి. పూసినప్పుడు దాని అందానికి సాటి లేదని నేనూ ఒప్పుకుంటాను, కానీ గోడకు నాలుగు మీటర్ల దూరంలో దానికి చోటు లేదు. రెండో ఏడు ముగియకముందే దానిని తవ్వించి, ఒక విశాలమైన మైదానం అంచుకు మార్పించాను. అక్కడ అది చక్కగా పెరుగుతోంది. చెట్టులో లోపం లేదు. నా పెరటి కోసం దానిని అమ్మడంలోనే లోపం ఉంది.

అలంకార వృక్షాన్ని కుండీలో ఉన్నప్పటి రూపాన్ని బట్టి ఎంచుకుంటే నష్టం ఎంత దూరం పోతుందో ‘బ్రాడ్‌ఫర్డ్’ పియర్ చెట్టు చరిత్ర చూపిస్తుంది. 1963లో అమెరికా వ్యవసాయ శాఖ దానిని విడుదల చేసినప్పుడు, తెల్లని పూలతో, త్వరగా పెరిగే, దిద్దినట్టుండే ఆకారంతో అది ఇళ్ల ముందర నాటడానికి ఆదర్శమైన చెట్టుగా పేరు తెచ్చుకుంది. కొమ్మలన్నీ కాండం మీద ఒకే చోటి నుంచి ఇరుకైన కోణంలో పుట్టడం వల్ల, చెట్టు పెద్దదయ్యాక గాలికి మధ్యకు చీలిపోవడం మొదలైంది. తన పుప్పొడితో తాను కాయదు కాబట్టి వ్యాపించదని అనుకున్నారు. ఇతర రకాలు పక్కన నాటేసరికి కాయలు కాశాయి, పక్షులు విత్తనాలను దూరదూరాలకు చేర్చాయి. చివరకు 2023 నుంచి ఒహాయో రాష్ట్రంలో ఆ జాతి అమ్మకాన్నే నిషేధించారు. చెట్టు కొనేముందు కొమ్మ కాండంతో చేసే కోణాన్ని చూడడం నాకు అప్పటి నుంచి అలవాటైంది.

మొక్కను ఎంచుకునే పద్ధతి గురించి ఇక్కడ కొంత వివరంగా చెప్పాలి. నష్టం ఎక్కువగా జరిగేది చెట్టు జాతిని ఎంచడంలో కాదు, వరుసలో ఉన్న ఇరవై మొక్కల్లో ఒకదాన్ని తీయడంలో. నేను అన్నిటికంటే పొడవైన రేల మొక్కను తీసుకున్నాను. అది చనిపోయాక పెకలించి చూస్తే వేళ్లు సంచి ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకొని ఉన్నాయి. ఒక్క వేరు కూడా బయటి నేలలోకి పోలేదు. చాలాకాలం చిన్న సంచిలో ఉండిపోయిన మొక్క ఇలాగే తయారవుతుంది. అలా చుట్టుకున్న వేళ్లు నాటిన తర్వాత కూడా అదే దారిలో లావెక్కి, చెట్టు బతికి బట్టకట్టినా కొన్నేళ్లకు దాని మొదలునే బిగించి చంపగలవు. అందువల్ల ఇప్పుడు నేను అమ్మేవారిని అడిగి మొక్కను సంచి నుంచి కొద్దిగా జార్చి వేళ్లను చూస్తాను. కాండం వేళ్లుగా విచ్చుకునే చోటు మట్టి పైన కనిపించాలి. అది మట్టిలో పూడిపోయి ఉంటే ఆ మొక్కను వదిలేస్తాను. ఊతకర్ర విప్పితే వంగిపోయే పొడుగు మొక్క కంటే, తన కాండం మీద తాను నిలబడే పొట్టి మొక్క మేలు. కొనేటప్పుడు పూలు ఉండడం నా దృష్టిలో అర్హత కాదు. వేరు పట్టడానికి వాడుకోవలసిన శక్తిని మొక్క అప్పటికే పూలకు ఖర్చు చేస్తోందని అర్థం.

రెండోసారి చేతి పొడవు కూడా లేని రేల మొక్కను తెచ్చి, వేరుముద్దకు మూడింతల వెడల్పుతో, దాని ఎత్తుకు మించని లోతుతో గుంట తీసి నాటాను. గుంట నిండా ఎరువు కలిపిన మెత్తని మట్టి నింపడం మానేసి, తవ్విన మట్టినే తిరిగి వేశాను. గుంటలో మాత్రమే సారవంతమైన మట్టి ఉంటే వేరు ఆ హాయిని వదిలి పక్కకు పోవడానికి ఆలస్యం చేస్తుంది. మూడో ఏటికే ఈ మొక్క చనిపోయిన దాని ఎత్తును దాటింది. ఇంకా పూయలేదు. ఆకు రాల్చి, కొమ్మకొమ్మకూ పసుపు గుత్తులు వేలాడే ఆ చెట్టు కోసం చాలా ఏళ్లు ఎదురుచూడాలని తెలిసే నాటాను. తొందర ఉన్నవారికి దీనిని సిఫారసు చేయలేను. ఎదిగితే 10 మీటర్లు దాటుతుంది, మూరెడు పొడవున్న నల్లని కాయలు కింద రాలుతాయి, వాటిని ఊడ్చుకునే ఓపిక కూడా ఉండాలి.

క్రేప్ మర్టిల్ చిన్న పెరళ్లకు సరిపోయే చెట్టు. ముడతలు పడిన పలుచని వస్త్రంలా ఉండే రేకుల వల్లనే దానికి ఆ పేరు వచ్చింది. బెరడు పొరలుగా ఊడి లోపలి నునుపైన కాండం బయటపడుతుంది కనుక పూలు లేని కాలంలో కూడా అది చూడముచ్చటగా ఉంటుంది. ఒక మోస్తరు మంచును కూడా ఓర్చుకోవడం ఈ జాబితాలోని చాలా మొక్కలకు లేని గుణం. అయితే ఈ చెట్టు విషయంలో రకం పేరు తెలియకుండా కొనకూడదు. నాకు అమ్మినది పేరులేని పాత రకం. నీడ, తేమ కలిసిన ప్రతిసారీ దాని ఆకులకు బూడిద తెగులు పట్టేది. అమెరికా జాతీయ వృక్షోద్యానం రెండు జాతులను సంకరపరచి 1978లో విడుదల చేసిన ‘నాచెజ్’ వంటి రకాలు ఆ తెగులును బాగా తట్టుకుంటాయి. ‘నాచెజ్’కు తెల్లని పూలు, దాల్చినచెక్క రంగు కాండం ఉంటాయి. ఇంకొక సంగతి: ఈ చెట్టు కొత్త చిగుళ్ల మీద పూస్తుందన్న కారణంతో ఏటా కొమ్మలన్నిటినీ మొండెం వరకు నరికేవారున్నారు. అలా నరికిన చోట గడ్డలు కట్టి, బలహీనమైన రెమ్మలు గుంపుగా పుట్టి, పూల బరువుకు వంగిపోతాయి. ఎదిగాక ఎంత ఎత్తు ఉండాలో ముందే నిర్ణయించుకుని, ఆ ఎత్తుకే పెరిగే రకాన్ని కొనుక్కుంటే కత్తికి పని ఉండదు. నా చెట్టుకు ఐదింటికి మూడు మార్కులు ఇస్తాను. మంచి రకమైతే నాలుగు ఇచ్చేవాడిని.

దేవగన్నేరుకు మాత్రం పూర్తి మార్కులు ఇస్తున్నాను. మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవుల నుంచి వచ్చిన ఈ చెట్టు తన లావైన కొమ్మల్లోనే నీటిని దాచుకుంటుంది. ఎద్దడి కాలంలో ఆకులన్నీ రాల్చి మోడుగా నిలబడుతుంది. మొదటిసారి అలా చూసి చనిపోయిందనుకుని నేను నీరు కుమ్మరించాను. అది చెట్టుకు చేయగలిగిన అతి పెద్ద హాని. ఆకు లేని చెట్టు నీటిని వాడుకోలేదు, తడిసిన నేలలో మెత్తని వేరు కుళ్ళుతుంది. అదృష్టవశాత్తు ఇసుక పాలు ఎక్కువగా ఉన్న చోట నాటడం వల్ల బయటపడింది. 6 మీటర్ల వెడల్పులో హాయిగా ఒదిగే ఈ చెట్టు వేళ్లు గోడలను ఇబ్బంది పెట్టవు. పూల వాసన రాత్రిపూట చిక్కబడుతుంది. తేనె లేని ఆ పూలు వాసనతోనే రాత్రిపూట ఎగిరే పెద్ద మాత్ జాతి పురుగులను మోసగించి పరాగ సంపర్కం జరిపించుకుంటాయని తెలిశాక, సాయంత్రం చెట్టు కింద కూర్చోవడంలో నాకు ఆసక్తి ఇంకా పెరిగింది. లోపాలు రెండు. వానల్లో ఆకు అడుగున నారింజ రంగు పొడిలా తుప్పు తెగులు వస్తుంది. రాలిన ఆకులను ఏరి దూరంగా పారవేస్తే చాలావరకు అదుపులో ఉంటుంది. విరిచిన చోట కారే పాలు చర్మానికి, కళ్లకు మంట పుట్టిస్తాయి.

ఇక పొదలు, చిన్న మొక్కల విషయానికి వస్తే, చీటీ కంటే ఆకు ఎక్కువ నిజం చెబుతుందని నా అనుభవం. కండగల ఆకు లోపల నీరు దాచుకుంటుంది. నూగుతో వెండిలా మెరిసే ఆకు ఎండను వెనక్కు కొడుతుంది. తోలులా దళసరిగా, నునుపుగా ఉండే ఆకు తేమను బయటకు పోనివ్వదు. గన్నేరు ఆకు అడుగున గాలి పీల్చే రంధ్రాలు నూగు నిండిన చిన్న గుంటల్లో దాగి ఉంటాయి కాబట్టి వేడిగాలి వాటిని నేరుగా తాకదు. వెడల్పుగా, పలుచగా, మెత్తగా ఉన్న ఆకుల మొక్కకు ‘నీరు అక్కరలేదు’ అన్న చీటీ కనిపిస్తే ఆ చీటీని అనుమానించడం మంచిది.

అలాగని ఆకు చెప్పేది కూడా సంపూర్ణం కాదని లావెండర్ నేర్పింది. వెండి నూగుతో ఉన్న దాని సన్నని ఆకులు ఎద్దడి మొక్క లక్షణాలన్నీ చూపిస్తాయి. అయితే అది మధ్యధరా సముద్ర తీరపు రాతి కొండల మొక్క. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, వేసవి పొడిగా ఉంటుంది. మా పెరట్లో వేడి, గాలిలో తేమ కలిసి వస్తాయి. రెండు మొక్కలూ మొదటి వానాకాలంలోనే మొదలు నుంచి నల్లబడి పోయాయి. ఎద్దడిని తట్టుకునే మొక్క అంటే తాను పుట్టిన చోటి ఎద్దడిని తట్టుకునే మొక్క. అది ఏ కాలంలో వచ్చే ఎద్దడో, ఎలాంటి గాలిలో వచ్చేదో అడగకుండా కొన్నందుకు నాది కూడా తప్పే. కానీ తన దగ్గర ఏ మొక్క బతకదో తెలిసిన నర్సరీ దానిని అమ్మకుండా ఉండవలసింది.

ఎడారి గులాబీల్లో ఒకటి చనిపోయింది, ఒకటి నా దగ్గరున్న వాటన్నిటిలో ముద్దొచ్చే మొక్కగా తయారైంది. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా భూములు, అరేబియా దీని స్వస్థలాలు. ఉబ్బిన మొదలులో నీరు నిల్వ చేసుకుంటుంది. నేలలో, జిగట మట్టిలో నాటినది కుళ్ళిపోయింది. రెండోదాన్ని కుండీలో ఉంచి, సగం వరకు ముతక ఇసుక, చిన్న రాళ్లు కలిపిన మట్టి వేశాను. కుండీ అడుగున మాత్రమే కంకర పరిస్తే నీరు బాగా పోతుందన్న నమ్మకం సరికాదు. మెత్తని మట్టి తాను నిండుగా తడిసేవరకు కింది కంకరలోకి నీటిని వదలదు, తడి ఇంకా పైకి జరుగుతుంది. మట్టి మొత్తం గుల్లగా ఉండాలి. మొదలు నొక్కి చూస్తే గట్టిగా ఉన్నంతకాలం నీటి గురించి బెంగ పడనక్కరలేదు.

బతికిన కాగితపు పూల తీగ ఏడేళ్లుగా నిరాశపరచలేదు. మనం పూలనుకునే రంగు రేకులు నిజానికి ఆకుల రూపాంతరాలు. వాటి మధ్య ఉండే సన్నని తెల్లని గొట్టాలే అసలు పూలు. నీరు, నత్రజని ఎక్కువైతే ఈ తీగ ఆకులే వేస్తుంది, కొంచెం ఎండగడితే రంగు పూస్తుంది. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, నాటేటప్పుడు దాని వేరుముద్దను చెదరనివ్వకూడదు. చనిపోయిన తీగ విషయంలో సంచిని లాగి తీయడంతో మట్టి మొత్తం రాలిపోయింది. ఆ తర్వాత రెండు వారాలు నీరు కూడా పెట్టకపోవడంతో దానికి అవకాశమే లేకపోయింది.

గన్నేరు మొక్కలు రెండూ బతికాయి. అది సహజంగా ఎండిపోయే వాగుల ఒడ్డున పెరిగే మొక్క కాబట్టి నెలల ఎద్దడినీ, అప్పుడప్పుడూ వచ్చే ముంపునూ రెండింటినీ ఓర్చుకుంటుంది. మొక్కగా దానికి వంక పెట్టలేను. కానీ ఆకు, పువ్వు, కొమ్మ, చివరకు కాల్చితే వచ్చే పొగ కూడా గుండె మీద పనిచేసే విషమే. చిన్నపిల్లలు, పశువులు తిరిగే చోట దానిని నాటవద్దని గట్టిగా చెబుతాను. చీటీ మీద ఆ హెచ్చరిక లేకపోవడాన్ని నేను నీటి మాట కంటే పెద్ద తప్పుగా భావిస్తున్నాను. బిళ్ళగన్నేరు తన విత్తనాలతో తానే మొలుస్తూ ఖాళీలన్నీ నింపింది. తడి నిలిచే మూలలో మాత్రం కుళ్ళుతుంది.

కిత్తనారను కాలిబాట పక్కన నాటడం నా ఎంపికల్లో అన్నిటికంటే అజాగ్రత్తగా చేసినది. రాత్రిపూట మాత్రమే రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకునే ఈ మొక్క నీటి పొదుపులో అందరికంటే ముందుంటుంది, ఏడేళ్లలో నేను దానికి వేరుగా నీరు పెట్టింది మొదటి కొన్ని నెలలే. కానీ అది మీటరున్నర ఎత్తు, అంతకు మించిన వెడల్పు పెరిగి, ప్రతి ఆకు కొసన సూదిలాంటి ముల్లుతో దారిని మూసేసింది. చుట్టూ పిలకలు వేయడం ఆగలేదు. దళసరి చేతితొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని దానిని తవ్వి ఎవరూ నడవని మూలకు మార్చడానికి ఒక రోజంతా పట్టింది. చోటున్నవారికి గొప్ప మొక్క; చిన్న పెరటికి దీని చిన్న జాతులను వెతుక్కోవడం మంచిది.

మిగిలిన మొక్కలన్నిటినీ ఇప్పుడు నీటి అవసరాన్ని బట్టి గుంపులుగా మార్చాను. క్రేప్ మర్టిల్, రేల ఒక డ్రిప్ గొట్టం మీద ఉన్నాయి. డ్రిప్పర్లను కాండం పక్కన కాక కొమ్మల అంచు కింద పెట్టాను, ఎందుకంటే నీటిని పీల్చే సన్నని వేళ్లు అక్కడికి, ఇంకా అవతలికి పాకుతాయి. రోజూ కొంచెం కాకుండా, నేల జానెడు లోతు వరకు ఆరాక ఒకేసారి బాగా తడిపిస్తాను. ఎండుటాకులు, చెక్కపొట్టు 5 నుంచి 10 సెంటీమీటర్ల మందంతో పరిచి, కాండానికి తగలకుండా అర జానెడు వదిలిపెడతాను. దేవగన్నేరు, కాగితపు పూలు, గన్నేరు ఉన్న వైపు గొట్టమే లేదు.

దేవగన్నేరు కొమ్మలు అడిగినవారికి కోసి ఇస్తుంటాను. వాటికి నేనే ఒక చీటీ రాసి కడుతున్నాను: ‘కోత చివర రెండు వారాలు నీడలో ఆరాక నాటండి. చిగురు వేసేవరకు నేలను తడిగా ఉంచకండి. మొదటి రెండు వేసవుల్లో వారానికి ఒకసారి నిండుగా నీరు పెట్టండి. ఆకు రాలితే నీరు ఆపండి. ఎదిగాక 6 మీటర్ల చోటు కావాలి. పాలు కంట్లో పడనీయకండి.’